జాకీ పెట్టందే ముట్టని మనిషి

ఆయన పోయాడని నాకు గాజువాకలో, షేర్ ఆటోలో తెలిసింది. చెప్పింది ఆటో నడిపే సింహాచలం. రెండేళ్ళ క్రితం వరకు ఆనందపురం అవతల మా పూలతోటలో ట్రాక్టర్ నడిపినవాడు. ఇప్పుడతని ఎడమకాలు మోకాలి దగ్గర సగమే వంగుతుంది. ట్రాక్టర్ క్లచ్ కాలితో తొక్కాలి, ఆటో క్లచ్ చేతిలో ఉంటుంది. అందుకని ఆటో.

"మేస్త్రి పోనాడమ్మా," అన్నాడు అద్దంలోంచి నన్ను చూస్తూ. "పది దినాలైపోనాది. స్టాండులో మల్కాపురం కుర్రోడొకడు సెప్పినాడు."

"ఎలా?"

"ఏటో, ఆయాసమట. నానెల్లనేదు." ఒక బస్సును దాటించి మళ్ళీ అన్నాడు: "ఎల్లను కూడాను. నా కాలిలగ సేసినోడి పెద్దకర్మకెల్లి నాను గారెలు తినొచ్చేటి?"

నేనేమీ అనలేదు. నన్నెరిగినవాళ్ళు ఈ వాక్యం నమ్మరు. కూరగాయల బండి దగ్గర, బ్యాంకు కౌంటర్లో, పెళ్ళి పందిట్లో, ఎక్కడైనా సరే, ఎదుటివాడు ఒక మాటంటే నాకు రెండు మాటలు పుడతాయి. ఆ రోజు మాత్రం నా స్టాపు రాకముందే ఆటో ఆపించి దిగిపోయాను.

ఆయన పేరు రాయను. రాస్తే ఆనందపురం చుట్టుపక్కల ఇప్పటికీ "ఓహో, గ్రీజు పెట్టకుండా గుర్తెట్టి పోయినోడా" అనేవాళ్ళున్నారు. ఆ మాట పేరుతో పాటు మళ్ళీ అచ్చులోకి ఎక్కడం నాకిష్టం లేదు. ఆ మాట ఎలా పుట్టిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా తమ్ముడూ నేనూ కలిసి నాలుగెకరాల్లో బంతి, కనకాంబరం వేసి, మడుల మధ్య తిరగడానికి ఒక చిన్న ట్రాక్టర్ కొన్నాం. దానికి గ్రీజు పెట్టడానికి ఎవరో ఆయన్ని పంపారు. పోర్టులో క్రేన్లకు గ్రీజు పెట్టిన ఖలాసీ, రిటైరయ్యాడు, చేతులు ఊరుకోవడం లేదట. మల్కాపురం నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు. ఎండాకాలంలో కూడా ఒకదాని మీద ఒకటి రెండు చొక్కాలు. భుజాన బియ్యం సంచి, అందులో పాత లుంగీ ముక్కలో చుట్టిన గ్రీజు గన్ను. కుర్చీ వేస్తే కూర్చోలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, "జాకీ ఉందేటమ్మా?" అన్నాడు.

"గ్రీజు కొట్టడానికి జాకీ ఎందుకు?"

"అన్నం తినడానికి నోరెందుకన్నట్టున్నాదమ్మా."

మా మొదటి సంభాషణ ఇది. ఈయనతో నాకు కుదురుతుందని అప్పుడే అనుకున్నాను.

ట్రాక్టర్ ఎక్కనివాళ్ళ కోసం ఇక్కడ ఒక్క విషయం చెప్పాలి. ముందు చక్రాలు రెండూ ఒకే అడ్డ యాక్సిల్‌కి ఉంటాయి. ఆ యాక్సిల్ నడిమధ్యలో ఒక లావుపాటి పిన్ను మీద, త్రాసు కాడలాగా, అటూ ఇటూ ఊగుతుంది. ఒక చక్రం గట్టెక్కితే యాక్సిల్ ఒరుగుతుంది గానీ బండి ఒరగదు. అంటే పైన కూర్చున్న మనిషి ప్రాణం కింద కనిపించని ఆ పిన్ను మీద ఉంటుంది. దాన్ని సెంటర్ పిన్ను అంటారు. ఆయుధపూజ రోజున అందరూ బానెట్‌కి దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. ఆయన మాత్రం బండి కింద దూరి, వేలు పెట్టి తడుముతూ ఆ పిన్నుకి కుంకం బొట్టు పెట్టేవాడు. "ఇంజనుకి ఊరంతా దండమెడతాది. మోసేదానికి ఎవులెడతారమ్మా?"

ఆ మొదటి రోజుకి వస్తాను. నేను కంపెనీ పుస్తకం తెచ్చి చూపించాను. యాభై గంటలకోసారి గ్రీజు పెట్టమని ఉంది, ముందు భాగం పైకెత్తమని లేదు.

"ఆ పుస్తకం రాసినోడు ఎప్పుడైనా బండి కింద తొంగున్నాడేటమ్మా?"

నేను బి.ఎస్సీ. ఫిజిక్స్. ఒత్తిడి అన్ని వైపులా సమానంగా వ్యాపిస్తుందని, ఒకచోట గ్రీజు ఎక్కిస్తే పిన్ను చుట్టూ దానంతటదే పాకుతుందని పాఠం చెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు. వాదనను మధ్యలో తుంచేవాడు కాదు, అది నాకు లేని గుణం. విని, తలూపి, "బాగా సెప్పినారు. అయితే మీరే కొట్టండి," అని గన్ను నా చేతికిచ్చాడు.

కొట్టాను. నాలుగో ఒత్తుకే జంతికల గొట్టంలోంచి పిండిలా రెండు పక్కలా గ్రీజు బయటికొచ్చింది. నడుం నిలబెట్టి, "చూశావా?" అన్నాను.

ఆయన వెళ్ళి వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాడు. జాకీని యాక్సిల్ కింద కాకుండా ఇంజను ముందు భాగం కింద పెట్టి, చక్రాలు నేల వదిలేదాకా లేపాడు. రెండు కొయ్య దిమ్మలు ఆనించాడు. తర్వాత గంటసేపు కుస్తీ పట్టి ఆ పిన్నే బయటికి లాగి నా అరచేతిలో పెట్టాడు. ఒక పక్క గ్రీజు దట్టంగా ఉంది. బండి బరువు ఆనే రెండో పక్క ఒట్టిగా మెరుస్తోంది, అంచున సన్నగా తుప్పు.

"ఒక పక్క పెళ్ళిబోజనం, ఒక పక్క ఏకాశి ఉపాసం. గ్రీజు మనలాటిదేనమ్మా, దారున్న కాడికే పోద్ది. ఇనుం మీద ఇనుం కూకుంటే దారెక్కడుంటాది? బరువు దింపాల, అప్పుడే మందెక్కుద్ది."

నేను తిరిగి వాదించాను, అది వేరే సంగతి. ఏమని వాదించానో గుర్తు లేదు. పిన్ను గుర్తుంది.

ఆ తర్వాత మూడేళ్ళు ప్రతిసారీ అదే తంతు. లేపడం, నన్ను చక్రం పట్టుకుని యాక్సిల్‌ని అటూ ఇటూ ఊపమనడం, ఊపుకో ఒత్తు. ఒత్తుల్ని ఒకటి రెండు అని లెక్కపెట్టేవాడు కాదు, వారాలతో లెక్కపెట్టేవాడు. "ఆదోరం... సోమారం... ఊపండమ్మా, నిద్దరోతన్నారేటి... మంగలారం..." లచ్చివారానికి, అంటే గురువారానికి, పాత నల్లది కక్కాలి, శనివారానికి కొత్తది కనపడాలి. కనపడకపోతే మళ్ళీ ఆదోరం. బయటికొచ్చిన గ్రీజును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పాకం చూసినట్టు సాగదీసి, వాసన చూసి, నా ముక్కు దగ్గర పెట్టేవాడు. "ఇసక వాసన." నాకేమీ వచ్చేది కాదు. వస్తోందని మాత్రం ఎన్నడూ ఒప్పుకోలేదు, రావడం లేదనీ అనలేదు.

అంతా అయ్యాక చేతులు రంపపు పొట్టుతో రుద్దుకుని, చెవి మీంచి సుద్దముక్క తీసి, బానెట్ మీద ఒక సున్నా చుట్టి దాని మధ్యలోంచి అడ్డగీత గీసేవాడు. పోర్టు అలవాటు. అక్కడ పాతకాలంలో గ్రీజు పెట్టిన ఖలాసీ తన గుర్తు గీస్తేనే ఆపరేటర్ క్రేన్ ఎక్కేవాడట. ఎవరి గుర్తు వారిది. ఒకరి గుర్తు ఒకరు గీయరు. గీస్తే ఏమవుతుందని ఒకసారి అడిగాను. ఆ ప్రశ్నే అర్థం కానట్టు చూశాడు. "ఎందుకు గీత్తారమ్మా?"

సింహాచలం ఆ గుర్తు లేకుండా బండి ఎక్కేవాడు కాదు. ఇద్దరూ ఒకరినొకరు బావా అనుకునేవాళ్ళు, ఏ చుట్టరికమూ లేదు. మధ్యాహ్నం షెడ్డులో ఇద్దరి టిఫిన్ క్యారేజీలూ పక్కపక్కన. గోళ్ళలో గ్రీజు ఎప్పటికీ పోదని ఆయన చొక్కా జేబులో స్టీలు చెంచా పెట్టుకు తిరిగేవాడు, నెత్తళ్ళ చేపల పులుసన్నం కూడా దాంతోనే.

"ఏటి బావా, కలెక్టరుగోరిలాగ సెంచాతో తింతన్నావు?" అనేవాడు సింహాచలం.

"నీలాగ సెయ్యి నాక్కుంటే గ్రీజు కడుపులోకెల్లి, నువ్వు మాటాడినట్టు జారిపోద్దిరా."

"నీ సెయ్యి పడ్డ బండి కన్నా నా మాట నయం బావా, గంటసేపు జాకీ మీదెట్టక్కర్నేదు."

ఆయన మంచివాడని నేననను. పోయినవాళ్ళనందరినీ మంచివాళ్ళను చేయడం నాకు చేతకాదు. మొండి మనిషి. తొందరపెడితే గన్ను లుంగీలో చుట్టేసి బస్సెక్కేసేవాడు. ఫోన్‌లో వీడియోలు చూసి రిపేర్లు చేసే కుర్ర మెకానిక్కుల మొహం మీదే నవ్వేవాడు. నన్ను కూడా, "అమ్మకి సదువెక్కువ, వోపిక తక్కువ," అని నా ఎదటే సింహాచలంతో చెప్పేవాడు. అది తిట్టని ఆయన అనుకోలేదు. నేను అనుకున్నాను.

రెండేళ్ళ క్రితం పది రోజులు వదలని ముసురు పట్టింది. షెడ్డులోకి నీళ్ళొచ్చి ట్రాక్టర్ ముందు యాక్సిల్ మునిగింది. ఆ పది రోజులూ బండి కదల్లేదు. వాన తెరిపిచ్చిన మర్నాడు ఆయన వచ్చాడు. నేల బురద. జాకీ పెడితే దిగబడిపోతోంది, చెక్కలేస్తే చెక్కలు జారుతున్నాయి. రెండుసార్లు చూసి లేచాడు.

"రెండు రోజులాగాలమ్మా. నేల గట్టిపడాల. నీల్లెల్లిపోనాయి గాని పిన్ను పట్టేసుంటాది. లేపి, పాతదంతా కక్కించందే బండి కదపకూడదు."

బంతి నారు ముదిరిపోతోంది. రెండు రోజులాగితే మడులు తయారవవు, మడులు కాకపోతే పండగ పూలు లేవు. "లేపకుండా ఈ ఒక్కసారికి కొట్టెయ్. రెండు రోజుల తర్వాత కావాలంటే పిన్ను మొత్తం పీకి చూసుకో," అన్నాను.

"అలగైతే నాను ముట్టను."

"ముట్టకపోతే నీకన్నా బాగా ముట్టేవాళ్ళు ఆనందపురం జంక్షన్లో పదిమంది ఉన్నారు."

"ఉంటే ఉంటారు తల్లీ. ఆళ్ళకీ ఇదే సెప్తాను."

"నీకు పని రాదని చెప్పలేక నెపం జాకీ మీద పెడుతున్నావు. వయసైపోయింది, ఒప్పుకో. వెళ్ళు."

చెవి మీది సుద్దముక్క తీసి జేబులో వేసుకుని, గన్ను చుట్టుకుని వెళ్ళిపోయాడు. గట్టు దాటాక ఒకసారి వెనక్కి తిరిగి, "బండి తియ్యకండమ్మా!" అని అరిచాడు. నేను వినపడనట్టు నిలబడ్డాను.

షెడ్డులో నాకొక గన్ను ఉంది. లేపకుండానే కొట్టాను. రెండు పక్కలా గ్రీజు వచ్చింది. ఎందుకు వచ్చిందో, ఎక్కడికి వెళ్ళలేదో ఈ భూమ్మీద నాకు తెలిసినంత బాగా ఆయన తర్వాత ఇంకెవరికీ తెలియదు. అయినా సరే. తర్వాత ఇంట్లోంచి సుద్ద తెచ్చి, బానెట్ మీద సున్నా చుట్టి, మధ్యలో గీత గీశాను. అది లేకపోతే సింహాచలం ఎక్కడు.

మర్నాడు పొద్దున్నే అతనొచ్చి బానెట్ చూసి, "మేస్త్రి వొచ్చీసినాడేటమ్మా?" అన్నాడు.

"నిన్న వచ్చాడు," అన్నాను. అబద్ధం కాదు. చదువుకున్నదాన్ని, అబద్ధం ఆడకుండా అబద్ధం చెప్పడం నాకు తెలుసు.

రెండో మడికి వెళ్ళే గట్టు మీద కుడి చక్రం ఎక్కింది. యాక్సిల్ ఊగలేదు. ఊగకపోయేసరికి బండి మొత్తం ఎడమకి ఒరిగింది, ఒరుగుతూనే ఉంది. చాలా నెమ్మదిగా జరిగినట్టు నాకు గుర్తు. సింహాచలం దూకబోయాడు గానీ ఎడమకాలు మడ్‌గార్డు కింద ఉండిపోయింది.

అతన్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాక, సాయంత్రానికి నలుగురు రైతులు పట్టి బండిని నిలబెట్టారు. మా తమ్ముడు ఫోన్ చేస్తే ఆయన వచ్చాడు. ముందు మోకాళ్ళ మీద కూర్చుని యాక్సిల్ మీద రెండు చేతులూ వేసి ఊపి చూశాడు. కదల్లేదు. లేచి బానెట్ చూశాడు. ఆయన గీత సున్నాను దాటి రెండు పక్కలా బయటికి వస్తుంది, యాక్సిల్ కదా, చక్రాల దాకా పోవాలి. నాది సున్నా లోపలే ఆగిపోయింది. మూడేళ్ళు చూసి కూడా నేనది గమనించలేదు. ఆయన గమనించాడు. ఇంకెవరూ గమనించలేదు.

"ఏం మేస్త్రీ," అన్నాడు మా తమ్ముడు, "గ్రీజు పెట్టావా, ఊరికే గుర్తు పెట్టి పోయావా?"

ఆయన నా వైపు చూశాడు. ఆదోరం నుంచి శనివారం దాకా లెక్కపెట్టేంత సేపు. నేను మాట్లాడటానికి ఇచ్చిన సమయం అది, ఇప్పుడు తెలుస్తోందని కాదు, అప్పుడే తెలుసు. నోరు తెరిచాను. సింహాచలం బావమరిది కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. భయం వేసింది. అది సగమే. మిగతా సగం రాయడానికి సిగ్గుగా ఉంది: ఒప్పుకుంటే జాకీ విషయంలో ఆయన గెలుస్తాడు.

నోరు మూసుకున్నాను.

"సుద్ద ఉన్నాది కదా బాబూ," అన్నాడు ఆయన.

పెట్టానన్లేదు, పెట్టలేదన్లేదు. ఎందుకలా అన్నాడని రెండేళ్ళుగా నాతో నేనే వాదించుకుంటున్నాను. గుర్తును దొంగగా గీయొచ్చని ఒకసారి తెలిస్తే ఇక ఏ డ్రైవరూ ఏ గుర్తునీ నమ్మడని అలా అన్నాడా? నా పరువు కాపాడాడా? రేపటికైనా నేనే చెబుతానని నమ్మాడా? మొదటిది నాకు అనుకూలమైన వాదన. మూడోది నిజమేమోనని భయం.

"ముసలోడివైపోనావు, ఇంటికాడ కూకోరాదేటి!" అని ఎవరో ఆయన సంచిని రోడ్డు మీదికి విసిరారు. వెళ్ళి తీసుకున్నాడు. గన్నుకి అంటిన మట్టి చొక్కా అంచుతో తుడిచి, పైచొక్కా అంచుతో కాదు, లోపలి చొక్కాతో, బస్సు వైపు నడిచాడు. ఆ చుట్టుపక్కల ఆయన్ని పిలిచే ఏడెనిమిది ట్రాక్టర్లవాళ్ళు ఆ వారంలోనే మానేశారు. రేపు చెబుతాను, సింహాచలం కట్టు విప్పాక చెబుతాను, పండగయ్యాక చెబుతాను అనుకున్నాను. మల్కాపురం మీదుగా బస్సులో ఎన్నిసార్లు వెళ్ళానో. దిగలేదు.

ఆటోలో ఆ కబురు విన్న తర్వాతి ఆదివారం సింహాచలం ఇంటికి వెళ్ళాను. గాజువాక వెనక సందులో రెండు గదుల ఇల్లు. నన్ను చూసి కంగారుపడి కుర్చీ తుడిచాడు. భార్య టీ గ్లాసు తెచ్చి చేతికిచ్చింది. తాగకుండా, కూర్చోకుండా చెప్పేశాను. ఆయన లేపాలన్నాడు. నేను తరిమేశాను. గ్రీజు నేను పెట్టాను, గుర్తు నేను గీశాను.

"ఏటంటన్నారమ్మా?" అన్నాడు.

మళ్ళీ చెప్పాను.

తిడతాడనుకున్నాను. సిద్ధపడే వచ్చాను. అతను తన మోకాలి వైపు చూసుకున్నాడు. తర్వాత నాతో కాదు, భార్యతో అన్నాడు: "బావ మూడుసార్లొచ్చినాడు కదా?"

"నాలుగు," అంది ఆమె. "నాలుగోతూరి వోనలో ఆ మెట్టు మీదే కూకున్నాడు. గొడుగిచ్చొత్తానంటే తలుపు తియ్యనిచ్చినావేటి నువ్వు?"

"కిటికీలోంచి సూత్తనే ఉన్నానమ్మా నాను," అన్నాడు నా వైపు తిరిగి. "బావా అని ఒకపాలి పిలిసినాడు. నాను పలకనేదు. మీ సంగతి సెప్పడానికొచ్చినాడో, ఊరికే నన్ను సూడ్డానికొచ్చినాడో... ఏటికొచ్చినాడో ఇప్పుడెవుల్ని అడగాల?"

అతను గోడ పట్టుకుని లేచి, మేకుకున్న చొక్కా తీసుకున్నాడు.

"మల్కాపురంలో ఆల్లిల్లెక్కడమ్మా?"

"తెలియదు," అన్నాను. నా ఫోన్లో ఉన్న నంబరుకి ఆ వారమంతా చేస్తూనే ఉన్నాను, మోగడం లేదు. అతనైతే ఆ నంబరు ఆసుపత్రిలోనే తీసిపారేశాడట.

"మూడేల్లు పని సేయించుకున్నారు. ఇల్లు తెలీదేటి?"

ఆయనే వచ్చేవాడు. మేమెప్పుడూ వెళ్ళలేదు. ఆ మాట పైకి అనలేదు, అతనికీ తెలుసు. అతను మాత్రం వెళ్ళాడా?

చొక్కా గుండీలు పెట్టుకుని, ఆటో తాళం తీసుకుని గుమ్మం దిగాడు. నేనూ వెనకే కదలబోయాను.

"మీరు కూకోండమ్మా," అన్నాడు, తిరక్కుండానే. "నానెల్లి ఈదీ ఈదీ తిరిగి ఆల్లిల్లు అడుక్కుంటాను."

కుర్చీ అక్కడే ఉంది. కూర్చున్నాను.